పాటలో దాగిన వార్త

బుర్రకథలో కథకుడికి ఇరువైపులా ఇద్దరు వంతలుంటారు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. అంటే ఆనాటి కబుర్లకు ఆ కళలోనే ఒక చోటుంది. జంగం కథల నుంచి వచ్చిన ఈ రూపాన్ని 1940లలో ప్రజానాట్యమండలి అందిపుచ్చుకుంది. నాజర్ బెంగాల్ కరువును బుర్రకథగా చెప్పారు. చదువురాని వారికి అదే పత్రిక.

అంతకుముందే, సహాయ నిరాకరణ రోజుల్లో, గరిమెళ్ళ సత్యనారాయణ 'మాకొద్దీ తెల్లదొరతనము' రాసి జైలుకు వెళ్లారు. కవిని బంధించగలిగారు గాని, పాటను బంధించలేకపోయారు.

తెలంగాణ సాయుధ పోరాట కాలంలో యాదగిరి 'బండెనక బండి కట్టి' కట్టారు. దొరల దౌర్జన్యం అప్పటి వార్త. 1980లో విడుదలైన గౌతమ్ ఘోష్ 'మా భూమి' చిత్రంలో గద్దర్ ఆ పాట పాడారు. అప్పటికి నిజాం రాజ్యం పోయి మూడు దశాబ్దాలు దాటింది. అయినా పాట పాతబడలేదు. తరువాత ప్రత్యేక తెలంగాణ ఉద్యమ సభల్లోనూ మోగింది. వార్త మారిన ప్రతిసారీ పాత బాణీ కొత్త కోపానికి పనికొచ్చింది.

ఈ ప్రయాణంలో ఒక నష్టం కూడా ఉంది. చాలామంది దాన్ని గద్దర్ రాసిన పాటే అనుకుంటారు. మన బడి వార్షికోత్సవంలో గొంతు కలిపిన నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. ఎవరు కట్టారని ఒక్కసారైనా అడగలేదు.

మిత్రులారా, స్వర్ణోత్సవ వేదికపై ఆ పాట మళ్లీ పాడదాం. ఈసారి ముందుగా యాదగిరి పేరు చెప్పి మొదలుపెడదాం.