వేట విల్లు: పాతది దాచుకోవాలి, కొత్తది వంచాలి

ఆర్మూరులో రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. 44వ నంబరు దారి పట్టుకుని ఉత్తరానికి వెళితే సోన్ దగ్గర గోదావరి దాటి నిర్మల్, ఆ పైన ఆదిలాబాద్ గోండు గూడేలు వస్తాయి. 63వ నంబరు దారిలో తూర్పుకు సాగితే మెట్‌పల్లి, జగిత్యాల, మంచిర్యాల మీదుగా బస్తరు అడవులు వస్తాయి. పసుపు లారీలు తిరిగే ఈ రెండు దారులూ విల్లు పుట్టి పెరిగిన నేలకే చేరుస్తాయి. మైదానంలో జొన్న చేనుకు మంచె మీది వడిసెల కాపలా అయితే, ఆ అడవుల్లో మనిషి భుజాన విల్లు ఉండేది.

వేట విల్లు మీద మనసుపడ్డవాళ్ళకు ఎప్పుడూ ఒక ప్రశ్న ఎదురవుతుంది. తాతల నాటి విల్లు సంపాదించుకోవాలా, పాత పద్ధతిలో కొత్తది చేయించుకోవాలా? పాతదే అసలైనదని, కొత్తది నకలు అని చాలామంది అనుకుంటారు. మన విల్లు చరిత్రను మొదటి నుంచీ చూస్తే ఈ అభిప్రాయం నిలవదు. అడవిలో విల్లు తరతరాలు దాచుకునే వస్తువుగా ఎన్నడూ లేదు. అరిగితే, పగిలితే, వంగి ఉండిపోతే పక్కన పెట్టి మరొకటి చేసుకునేవారు. తరతరాలుగా చేతులు మారుతూ వచ్చింది విల్లు కాదు, దాన్ని చేసే పనితనం.

రాతి మీద, పద్యంలో

తెలుగు నేల మీద విల్లు ఉనికికి పాత సాక్ష్యాలు రాతి బొమ్మల్లో ఉన్నాయి. జయశంకర్ భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టలో 1990లో వెలుగులోకి వచ్చిన చిత్రాల్లో అడవిదున్న, జింక, పులి లాంటి జంతువులతో పాటు విల్లు, బాణం ఆకారాలు కనిపిస్తాయి. కావ్యాల్లోకి వస్తే వేట తెలుగు కవులకు ప్రీతిపాత్రమైన ఘట్టం. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కన్నప్ప ఉన్నాడు. ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో అతడే తిన్నడు, విల్లు పట్టిన ఎరుక పిల్లవాడు. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట విస్తారంగా సాగుతుంది. తిన్నడిది బోయపల్లె విల్లు, స్వరోచిది రాజు విల్లు. చరిత్రలోనూ ఈ రెండు విళ్ళు వేరువేరు దారుల్లో నడిచాయి.

రాజుల సైన్యాల్లో, ముఖ్యంగా గుర్రపు దళాల్లో, పేరుపొందినది కొమ్ము విల్లు. నడుమ కర్ర, విలుకాడి వైపు కొమ్ము, ఎదుటి వైపు జంతువుల నరాలు. వీటన్నిటినీ జిగురుతో అతికించి నెలల తరబడి ఆరబెడితే గానీ అది తయారయ్యేది కాదు. పొట్టిగా ఉన్నా చాలా బలమైనది. అయితే దాని ప్రాణమంతా జిగురులోనే ఉంది. వానాకాలపు చెమ్మ తగిలితే అతుకు సడలేది. మన దేశంలో పూర్తిగా ఉక్కుతోనే విల్లు చేయడానికి ఈ చెమ్మే ఒక ముఖ్య కారణమని ఆయుధ చరిత్రకారులు చెబుతారు. ఉక్కు విల్లు కొమ్ము విల్లంత చురుకుగా కొట్టదు, కానీ ఆయుధాగారంలో ఏళ్ళ తరబడి పడి ఉన్నా అవసరానికి పనికొస్తుంది. ఏళ్ళ తరబడి దాచడం కోసమే తయారైన విల్లు మన చరిత్రలో ఏదైనా ఉందంటే అది ఇదే.

ఉక్కు మాట వచ్చింది కాబట్టి ఆర్మూరు పొరుగునే ఉన్న కోనసముద్రాన్ని తలుచుకోవాలి. మెట్‌పల్లి వైపు వెళ్ళే దారిలో, కమ్మర్‌పల్లి మండలంలో ఉంది ఆ ఊరు. మూసల్లో కరిగించి తీసిన అక్కడి ఉక్కుకు పర్షియా దాకా పేరుండేది. 1820ల్లోనే కన్నుమూసిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సీ ఆ తయారీని కళ్ళారా చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు అక్కడ ఆయనకు తారసపడ్డాడు. ఆ ఉక్కుతో చేసిన కత్తులు ప్రపంచపు మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి. దాన్ని తీసిన కొలిమి విద్య మాత్రం ఆగిపోయింది. ఏ పాళ్ళలో ఏం కలిపారు, ఎంతసేపు కాల్చారు అనేది తెలుసుకోవడానికి ఇవాళ పరిశోధకులు చిట్టెపు దిబ్బలు తవ్వి, మూసల ముక్కలు పరీక్షించాల్సి వస్తోంది. వస్తువు మిగిలి విద్య పోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఈ జిల్లాలో లేదు.

అడవి విల్లు

అడవి విల్లు సంగతి వేరు. దానికి కావలసినవన్నీ చుట్టూనే దొరుకుతాయి. మూడేళ్ళు దాటి ముదిరిన వెదురు, నార, ఈక, కమ్మరి కొట్టిచ్చిన ములికి. వెదురు బొంగు పైపొరలో నారలు దట్టంగా ఉంటాయి, లాగుడును భరించేది ఆ పొరే. అందుకే చెక్కేటప్పుడు లోపలి వైపు తీస్తారు గానీ పైపొర జోలికి పోకూడదు. వానలు వెనకబట్టాక, చలికాలంలో నరికిన బొంగులో పిండి పదార్థం తక్కువగా ఉండి పురుగు త్వరగా పట్టదు. మధ్య భారతపు అడవుల్లో చాలాచోట్ల అల్లెతాడు కూడా పల్చగా చీల్చిన వెదురు బద్దే. పైసా ఖర్చు లేకుండా, ఒక కత్తితో అయిపోయే పని. అందుకే అక్కడ పాత విల్లు మీద మమకారం కంటే మంచి బొంగును గుర్తుపట్టే కంటికి విలువెక్కువ.

ఈ జీవితాన్ని దగ్గరగా చూసి గ్రంథస్థం చేసినవాడు ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. నిజాం రాజ్యంలో తిరిగి చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, ఆదిలాబాద్ గోండుల మీద 1948లో పుస్తకాలు వెలువరించాడు. నల్లమల చెంచు మగవాడికి విల్లు లేని రోజు లేదు. అయినా వాళ్ళ కడుపు నింపింది ప్రధానంగా గడ్డలు, పండ్లు, వాటిని తవ్వి ఏరి తెచ్చే పని. అడవి బిడ్డలు వేట మాంసం మీదే బతికారనే ఊహకు ఇది సరైన జవాబు. విల్లు వాళ్ళకు ఆహారం కంటే ఎక్కువగా తోడు, ధైర్యం, గుర్తింపు. పాత విశాఖ ఏజెన్సీలో చైత్రమాసపు ఇటుకల పండుగలోనూ ఇదే కనిపిస్తుంది. ఊరి మగవాళ్ళంతా కలిసి వేటకు వెళ్ళడం ఆ పండుగలో ఒక కట్టుబాటు, ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళ ఎత్తిపొడుపులు తప్పవు.

తిరుగుబాటు చేతిలో

ఈ విల్లుకు చరిత్రలో ప్రత్యేక స్థానం ఇచ్చినవి ఆదివాసీ పోరాటాలు. నిర్మల్ ప్రాంతంలో తిరగబడ్డ రాంజీ గోండును 1860లో ఉరితీశారు. జోడెఘాట్‌లో కొమరం భీం 1940లో నేలకొరిగాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది, ఆ తరువాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు ముట్టడించింది. ఆ దాడుల్లో వాళ్ళు కోరి పట్టుకెళ్ళింది తుపాకులు, తూటాలు. విల్లుతో ఎదురుతిరిగిన వాళ్ళకు దాని పరిమితి బాగా తెలుసు. అయినా ప్రజల మనసులో సీతారామరాజు రూపం విల్లంబులతోనే స్థిరపడింది. తుపాకీ దొర దగ్గర నుంచి లాక్కున్నది, విల్లు తమ అడవిలో తాము చేసుకున్నది. జనం రెండో దాన్నే జెండాగా ఎత్తుకున్నారు.

ఆ కాలపు విల్లు ఏ ఇంట్లోనైనా దొరికితే దాన్ని మ్యూజియం వస్తువుగానే గౌరవించాలి. ఏ గూడెంలో, ఎవరి చేతిలో, ఏ జాతి వెదురుతో తయారైందో రాసి పెట్టాలి. ఆ వివరం లేకపోతే అది అలంకారపు కర్రగా మిగిలిపోతుంది.

చట్టం గీసిన గీత

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట చరిత్రనే మార్చేసింది. ఆయుధాల నిర్వచనంలో తుపాకీ, ఉచ్చు, విషాలతో పాటు విల్లంబుల పేరు కూడా ఆ చట్టంలో స్పష్టంగా ఉంది. 1991 సవరణతో కట్టుదిట్టం మరింత పెరిగింది. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసులకు చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది, అందులో వెదురు కూడా ఉంది. అదే చట్టం సంప్రదాయ వేట హక్కును మాత్రం మినహాయించింది. అంటే విల్లు చేసుకునే వెదురు మీద హక్కు దక్కింది, దానితో జంతువును కొట్టే హక్కు పోయింది. అడవులు ఇంతగా తరిగిపోయిన కాలంలో ఈ గీత న్యాయమైనదని నా అభిప్రాయం. ఇక వేట విల్లు బతకాలంటే గురిపలక ముందే బతకాలి.

బయటి ప్రపంచం చెప్పే పాఠం

ఇలాంటి మలుపు అమెరికాలో ముందే వచ్చింది. 1911లో కాలిఫోర్నియాలో యాహి తెగకు చెందిన చివరి మనిషి బయటి ప్రపంచంలోకి వచ్చాడు. అతణ్ణి ఇషీ అని పిలిచారు. శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియంలో ఉంటూ డాక్టర్ శాక్స్‌టన్ పోప్‌కు విల్లు చేయడం, వేయడం నేర్పి 1916లో కన్నుమూశాడు. పోప్ 1923లో రాసిన పుస్తకమే అక్కడి విల్లు వేటగాళ్ళకు కొత్త ఊపిరి పోసింది. మ్యూజియంలో దాచిన విళ్ళ నుంచి ఆ ఉద్యమం పుట్టలేదు, ఒక మనిషి మరొకరి చేతికి అందించిన పనితనం నుంచి పుట్టింది.

1933లో ఫ్రెడ్ బేర్ స్థాపించిన సంస్థ ఆ తరువాతి దశాబ్దాల్లో కర్ర పొరలకు ఫైబర్‌గ్లాస్ జోడించి విళ్ళను వేల సంఖ్యలో తయారుచేసింది. 1969లో మిస్సోరికి చెందిన హాలిస్ ఆలెన్‌కు కప్పీలున్న కాంపౌండ్ విల్లు మీద పేటెంటు దక్కాక పాత రకాలు వెనకబడ్డాయి. ఇవాళ అమెరికాలో పాత వేట విల్లు అంటే ఎక్కువగా ఆ 1950, 60ల నాటి ఫైబర్‌గ్లాస్ విల్లే. చీలిక, మెలిక లేకపోతే అది ఇప్పటికీ వేయడానికి పనికొస్తుంది. దానికి సాగే గుణమున్న పాత తరహా డాక్రాన్ తాడే కట్టాలి. ఇప్పటి సాగని తాళ్ళు కడితే ఆ దెబ్బకు విల్లు కొసలు చిట్లుతాయి.

వట్టి కర్ర విల్లుకు ఇంత ఆయుష్షు లేదు. 1545లో మునిగిన, 1982లో పైకి తీసిన ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్‌లో 130కి పైగా విళ్ళు దొరికాయి. చూడటానికి చెక్కుచెదరని వాటి బలం తేల్చడానికి పరిశోధకులు అవే కొలతలతో కొత్త విళ్ళు చెక్కించి వంచాల్సి వచ్చింది. పాత విల్లు కొలతలు చెప్పింది, కొత్త విల్లు బలం చెప్పింది. రెంటికీ మధ్య పని విభజన ఇలాగే ఉండాలి.

ఆర్మూరు పసుపు రైతుకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టిన పసుపు కొమ్ము మార్కెట్లో ధర తెస్తుంది, భూమిలో పెడితే మొలవదు. రకం నిలవాలంటే పచ్చి విత్తనపు దుంప దాచి ఏటా నాటాల్సిందే.

చేతిలోకి తీసుకునేటప్పుడు

పాత వెదురు విల్లు మీ ఇంట్లో ఉంటే దాన్ని లాగి చూడాలనే కోరికను ఆపుకోండి. ఎండిన వెదురు చెప్పకుండా విరుగుతుంది, ఆ ముక్క ముఖానికి దగ్గరగా ఎగురుతుంది. అల్లెతాడు దించి, చెమ్మ, ఎండ తగలని చోట అడ్డంగా, రెండుచోట్ల ఆనించి ఉంచండి. సన్నని పిండి రాలుతుంటే పుచ్చు పురుగు పట్టినట్టు. రంగులు, వార్నిష్‌లు పూయకండి, పాత చేతి గుర్తులు వాటి కింద కప్పబడిపోతాయి.

వేయడానికి కొత్తది చేయించుకోండి. తక్కువ బలమున్న దానితో మొదలుపెట్టండి. వేయడం అయిపోగానే తాడు దించేయాలి, లేకపోతే విల్లు వంగి ఉండిపోయి చురుకు పోతుంది. బాణం లేకుండా లాగి వదలకూడదు, బాణం మోసుకుపోవాల్సిన బలమంతా తిరిగి విల్లు మీదే పడుతుంది. కొత్త విల్లు ఒక వంకర చూపిస్తే చేసినవాడి దగ్గరకే తీసుకెళ్ళి సరిచేయించుకోవచ్చు. పాత విల్లుకు ఆ అవకాశం లేదు, దాని కర్త లేడు.

క్రీడగా మళ్ళీ

దేశీయ విలువిద్య పోటీల్లో ఇండియన్ రౌండ్ అనే విభాగం ఉంది. మన కర్ర, వెదురు విళ్ళతో 50, 30 మీటర్ల దూరాల నుంచి వేసే పోటీ అది. రాజస్థాన్ భిల్లు కుర్రాడు లింబారామ్ వెదురు విల్లుతో అడవిలో మొదలుపెట్టి ఒలింపిక్స్ దాకా వెళ్ళాడు. తెలుగువాళ్ళలో వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విల్లుతో మూడు స్వర్ణాలు గెలిచింది. బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్ మిశ్రమ జట్టు పోటీలో నాలుగో స్థానం దాకా వెళ్ళాడు. వాళ్ళు వాడే విళ్ళు లక్షల ఖరీదు చేసే యంత్రాల్లాంటివి. గిరిజన బాలుడి చేతికి అందే తొలి మెట్టు వెదురు విల్లే.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్, నల్లమల గిరిజన పాఠశాలల్లో ఇండియన్ రౌండ్ శిక్షణ పెడితే, ఆ విళ్ళు బయటి నుంచి కొనకుండా గూడెంలోని పెద్దల చేత చేయిస్తే, ఆ పెద్దలను గురువులుగా గుర్తించి జీతం ఇస్తే రెండు పనులు ఒకేసారి అవుతాయి. పిల్లలకు ఆట దక్కుతుంది, పనితనం చేతి నుంచి చేతికి నడుస్తుంది. జోడెఘాట్ మ్యూజియంలాంటి చోట్ల పాత వస్తువుల పక్కనే, చేసే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా వీడియోలో చూపించాలి, చేసినవారి పేరుతో సహా. బొంగు ఎంచి, చెక్కి, తాడెక్కించగల వృద్ధులు ఇంకా ఉన్న గూడేలు ఏవో ఈ ఏడాదే లెక్కతీయాలి. కోనసముద్రం కొలిమికి ఆ పని చేసేవాళ్ళు లేకపోయారు. విల్లుకు మనం ఉన్నాం.