రాయపురము రైల్వే స్టేషను

దక్షిణ భారతమున మొట్టమొదటి ప్రయాణికుల రైలు ఎచ్చటనుండి బయలుదేరినదని అడిగినచో పలువురు మద్రాసు సెంట్రల్ స్టేషను పేరు చెప్పుదురు. అది సరికాదు. సెంట్రల్ స్టేషను 1873లో వెలసినది. అంతకు పదునేడేండ్ల ముందే, నగరమునకు ఉత్తరమున సముద్రతీరముననున్న రాయపురమునుండి రైళ్లు నడచినవి. నేడు ఉపనగర విద్యుత్ రైళ్లు క్షణకాలము నిలిచి సాగిపోవు ఆ చిన్న స్టేషను ఒకప్పుడు ఒక మహామార్గమునకు మొదలు. ఆ గౌరవము దానికెట్లు దక్కెనో, ఎట్లు చేజారెనో తెలిసికొనదగియున్నది.

మద్రాసు ప్రాంతమునకు ఇనుప పట్టాలు అంతకు ముందే పరిచితములు. 1837లో ఎఱ్ఱకొండల నుండి నగరములోని రోడ్లకు కావలసిన రాతిని తెచ్చుటకు ఒక చిన్న మార్గము వేసిరి. పిమ్మట గోదావరికి ఆనకట్ట కట్టించి తెలుగువారి కృతజ్ఞతకు పాత్రుడైన ఆర్థర్ కాటన్ దొరకు ఆ పనితో సంబంధము కలదు. అయినను అది రాతిని మోయు మార్గమే గాని ప్రజల ప్రయాణమునకు ఉద్దేశించినది కాదు.

ప్రజలకొరకు రైలు వేయవలెనను తలంపుతో 1845లో మద్రాసు రైల్వే కంపెనీ ఏర్పడినది గాని పని వెంటనే సాగలేదు. పెట్టుబడిపై వడ్డీ ఇప్పించుటకు ఈస్టిండియా కంపెనీ పూచీపడిన మీదటనే ఇంగ్లండులోని ధనికులకు ధైర్యము కలిగెను. 1853లో నిర్మాణము ఆరంభమయ్యెను. 1856 జూలై 1వ తేదీన రాయపురమునుండి ఆర్కాటు సమీపముననున్న వాలాజా రోడ్డు వరకు, సుమారు 63 మైళ్ల మార్గము తెరవబడెను. నాటి గవర్నరు హారిస్ ప్రభువు. తొలి ప్రయాణమునకు వలసిన పెట్టెలను మద్రాసులోని సింప్సన్ కంపెనీవారే తయారుచేసిరి. పెరంబూరులోని రైల్వే కర్మాగారము కూడ ఆ యేటనే పుట్టినది.

తొలి స్టేషనుకు రాయపురమునే ఎన్నుకొనుటకు కారణము సముద్రము. నాడు మద్రాసుకు కట్టుదిట్టమైన రేవు లేదు. ఓడలు తీరమునకు దూరముగా లంగరు వేసెడివి; సరుకును, మనుష్యులను మసూలా పడవలలో అలలమీదుగా ఒడ్డునకు చేర్చెడివారు. వర్తకులు, కూలీలు, పడవవారు నివసించు పాత పట్టణమంతయు ఆ తీరమునకు చేరువనే యుండెను. రాయపురము అను పేరు కూడ ఆ తీరజనుల విశ్వాసమునకు గుర్తు. తమిళ క్రైస్తవులు పేతురు మహర్షిని రాయప్పరని పిలుతురు. ఆయన పేరిటి దేవాలయమునుబట్టి ఆ పేటకు ఈ పేరు వచ్చినదని చెప్పుదురు.

మార్గము క్రమముగా పడమరకును, వాయవ్యమునకును సాగెను. అరక్కోణము వద్ద చీలి, రేణిగుంట, కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా పోయి, 1871లో రాయచూరు వద్ద బొంబాయి నుండి వచ్చు మార్గముతో కలిసెను. సెంట్రల్ స్టేషను ఇంకను లేని ఆ దినములలో, రాయలసీమనుండి మద్రాసుకు రైలెక్కి వచ్చినవారికి నగరప్రవేశము రాయపురముననే జరిగెడిది. బండ్లపై దినములతరబడి సాగిన ప్రయాణము గంటలలోనికి కుదించుకొనిపోయెను.

కాని నగరము ఉత్తరమునకు గాక దక్షిణమునకును, పడమరకును పెరిగెను. కోటకు, కచ్చేరీలకు, మౌంటు రోడ్డు అంగళ్లకు పోవువారికి రాయపురము చుట్టుదారి యయ్యెను. అందుచేతనే 1873లో సెంట్రల్ స్టేషను కట్టబడెను. 1899లో విజయవాడనుండి తూర్పుతీరపు మార్గము మద్రాసును చేరినది. 20వ శతాబ్ది తొలి దశకము గడచునప్పటికి దూరపు రైళ్లన్నియు సెంట్రల్ స్టేషనుకే చేరజొచ్చినవి. 1908లో ఏర్పడిన మద్రాసు, సదరన్ మరాఠా రైల్వే వారి ప్రధాన కార్యాలయము మాత్రము రాయపురముననే యుండెను. 1922లో సెంట్రల్ ప్రక్కన క్రొత్త భవనము తెరువబడగా అదియు తరలిపోయెను. ఇక రాయపురమునకు మిగిలినవి రేవు సరుకుల బండ్లు, దాపు ఊళ్లకు పోవు రైళ్లు మాత్రమే.

ఆ క్షీణదశయే ఒక విధముగా పాత భవనమును కాపాడినది. దేశమున తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయిలోని బోరీబందరు నుండి ఠాణాకు నడచినది. మరుసటి యేడు హౌరా నుండి హుగ్లీకి నడచినది. రాకపోకలు పెరుగుటచే ఆ రెండు చోట్లను పాత స్టేషనులు పోయి మహాభవనములు లేచినవి. రద్దీ తగ్గిన రాయపురమున అట్టి యవసరము కలుగలేదు. అందువలన పొడవైన స్తంభముల వరుసతో కూడిన ఆ 1856 నాటి కట్టడమే నేడు ఉపఖండమున నిలిచియున్న రైల్వే స్టేషను భవనములలో ప్రాచీనతమమని పేరొందినది. దీర్ఘకాలము ఆలనాపాలన లేక శిథిలమైన దానిని 2005లో బాగుచేసిరి.

ఇప్పుడు చెన్నై బీచినుండి గుమ్మిడిపూండి వైపునకును, తిరువళ్లూరు వైపునకును పోవు ఉపనగర రైళ్లు ఇచ్చట ఆగుచున్నవి. సెంట్రల్ నుండి సాగు ఉత్తరపు ఉపనగర సేవ ఆంధ్రదేశమునందలి సూళ్లూరుపేటకు చేరుచున్నది. సెంట్రల్, ఎగ్మూరు స్టేషనుల భారము పెరిగినందున రాయపురమును తిరిగి దూరపు రైళ్లకు స్థానము చేయవలెనని ఉత్తర చెన్నై ప్రజలు చిరకాలముగా కోరుచున్నారు. ఆ కోరిక న్యాయమైనదే. అయితే క్రొత్త ప్లాట్‌ఫారములు వచ్చునప్పుడు పాత గోడలకు ముప్పు వాటిల్లరాదనుటయు అంతే న్యాయము.

ఉపయోగము లేని కట్టడము శిథిలమగును. ఉపయోగము మితిమీరినచో పాతది కూలి క్రొత్తది లేచును. రాయపురము ఈ రెండు ఆపదలను ఇంతవరకు తప్పించుకొన్నది. పెద్ద స్టేషనుగా మరల వెలిగినను, చిన్న స్టేషనుగానే మిగిలినను, రోజును టిక్కెట్టు కొని రైలెక్కువారు ఉన్నంతకాలము అది వట్టి జ్ఞాపకచిహ్నము కాజాలదు. ఆ స్తంభములను వారి రాకపోకలతోబాటు నిలుపుకొనుటయే ఆ తొలి మార్గమును వేసినవారికిని, దానిపై నడచినవారికిని తగిన గౌరవము.