కవాడిగూడ నుంచి డల్లాస్: ఎంత దూరం? ఎన్ని గంటలు?

డల్లాస్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్తున్నారా? ఈ లెక్క చూసుకోండి. కవాడిగూడ నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు. అక్కడి నుంచి డల్లాస్‌కు నేరుగా కొలిస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా అయితే సుమారు 15,500.

దుబాయ్‌కి దాదాపు 4 గంటలు, అక్కడ్నుంచి డల్లాస్‌కు 16 గంటలు. మధ్యలో 3 గంటలు ఆగితే మొత్తం 23 గంటలు.

వేసవిలో డల్లాస్ టైమ్ మనకంటే పదిన్నర గంటలు వెనక. సోమవారం ఉదయం 10 గంటలకు ఇక్కడ ఫ్లైట్ బయల్దేరితే, అక్కడ సోమవారం రాత్రి 10.30కే దిగుతారు. చలికాలంలో అయితే 9.30కే. అందుకే పికప్‌కు వచ్చేవాళ్లకు డల్లాస్ తేదీ, టైమే చెప్పండి. మన లెక్కలో మంగళవారం ఉదయం 9 అని చెబితే, పెద్దవాళ్లు రాత్రంతా ఎయిర్‌పోర్టులో పడిగాపులు పడాల్సిందే!