టొబాగో కోర్టు తలుపు మీద ఒక సమను

వ్యాజ్యంలో ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వెళ్ళి ఏడుస్తాడని మన పెద్దల మాట. అప్పుల దావాల విషయంలో ఇది అక్షరాలా నిజం. డిక్రీ చేతికి రావడం ఒక ఎత్తు, దాని మీద రూపాయి రాబట్టడం మరొక ఎత్తు. బాకీదారు పొలిమేర దాటి వేరే రాజ్యంలో కూర్చుంటే ఆ కాగితం నాలుక గీసుకోవడానికైనా పనికివస్తుందా? ఈ మధ్య గల్ఫు నుంచి తిరిగివచ్చిన బంధువొకడు ఇదే ప్రశ్నను తిరగేసి అడిగాడు: "అక్కడి బ్యాంకు అక్కడి కోర్టులో గెలిస్తే, ఇక్కడున్న నా ఇల్లు జప్తు చేయించగలదా?" తెలిసినంత చెప్పి పంపాను. కానీ మనసు ఊరుకోక పాత తీర్పులు తిరగేస్తే, దీని వెనక రెండు వందల ఏళ్ళ చరిత్ర కనబడింది. చదువరులతో పంచుకోవాలనిపించి రాస్తున్నాను.

1808లో ఇంగ్లండులో ఎలెన్‌బరో ప్రభువు ముందుకు బుకానన్, రకర్ అనేవారి వ్యాజ్యం వచ్చింది. వాది చేతిలో టొబాగో ద్వీపపు కోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. ప్రతివాది ఆ దీవిలో ఉన్న దాఖలా లేదు. మరి సమను ఎలా అందజేశారయ్యా అంటే, ఆ కోర్టు తలుపుకే మేకు కొట్టి తగిలించారట! అక్కడి చట్టం ప్రకారం అది చాలునట. లోకమంతటినీ కట్టిపడేసే శాసనం చేసే అధికారం ఈ దీవికి ఎక్కడిదని ఎలెన్‌బరో నిలదీసి, ఆ తీర్పును తోసిపుచ్చాడు. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈనాటికీ ఈ కథ చెప్పుకుని నవ్వుకుంటారు. నాకు మాత్రం ఆ ప్రశ్నలో న్యాయంతో పాటు రాజధాని వారి వెటకారం కూడా కాస్త వినిపిస్తుంది.

అదే సూత్రం మన దేశపు గడ్డ మీద ఫరీద్‌కోట రాజా కేసులో స్థిరపడింది. గురుదయాళ్ సింగ్ అనే సర్దారు 1869 నుంచి 1874 దాకా ఫరీద్‌కోట సంస్థానంలో కోశాధికారిగా పనిచేశాడు. ఆయన జింద్ సంస్థానానికి చెందినవాడు. కొలువు మానుకుని జింద్‌కు వెళ్ళిపోయాక, ఖజానా లెక్కల్లో బాకీ పడ్డాడంటూ రాజావారు తన సొంత కోర్టులోనే దావా వేయించారు. సర్దారు హాజరు కాలేదు. ఏకపక్షంగా డిక్రీలు వచ్చాయి. వాటిని పట్టుకుని రాజావారు బ్రిటిషు పంజాబులోని లాహోరు కోర్టుకెక్కారు. వ్యవహారం ప్రీవీ కౌన్సిలు దాకా పోయింది. 1894లో సెల్బోర్న్ ప్రభువు చెప్పిన సారాంశం ఇది: దావా వేసేనాటికి ప్రతివాది ఎవరి ఏలుబడిలో ఉన్నాడో అక్కడికే వాది వెళ్ళాలి. తన అధికారానికి తలవంచని పరదేశి మీద, అతడు లేకుండా ఒక కోర్టు ఇచ్చిన సొమ్ము డిక్రీ, ఇతర దేశాల కోర్టుల దృష్టిలో చెల్లని కాగితమే. అప్పు ఫరీద్‌కోటలో పుట్టిందన్న వాదన నిలబడలేదు. ఖజానా సొమ్ము నిజంగా ఏమైందో ఆ తీర్పు తేల్చలేదు, తేల్చవలసిన అవసరమూ దానికి లేదు.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చిన కేసు మన వైపుది. కీమర్ అనే వర్తకుడు విశ్వనాథం రెడ్డి మీద లండను హైకోర్టులో సొమ్ముకు దావా వేశాడు. తాను ఆ సంస్థలో భాగస్తుణ్ణి కాననీ, బాకీయే లేదనీ రెడ్డిగారి జవాబు. కోర్టు అడిగించిన ప్రశ్నలకు ఆయన సమాధానాలు దాఖలు చేయలేదు. దాంతో అక్కడి పద్ధతి ప్రకారం ఆయన జవాబును కొట్టివేసి, సాక్ష్యం విచారించకుండానే వాదికి తీర్పు ఇచ్చేశారు. ఆ తీర్పు మీద మద్రాసులో దావా నడిచింది. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడులో 13వ సెక్షను ఉంది. పరదేశపు తీర్పు ఏయే సందర్భాలలో చెల్లదో చెప్పే ఆరు మినహాయింపులు అందులో ఉన్నాయి. వివాదంలోని మంచిచెడ్డలు విచారించి ఇచ్చిన తీర్పు కాకపోవడం వాటిలో ఒకటి. 1916లో ప్రీవీ కౌన్సిలు ఆ మాటనే పట్టుకుని కీమరును ఒట్టి చేతులతో పంపింది. టొబాగోను నిలదీసిన ఇంగ్లండు తీర్పును, కారణం వేరైనా సరే, ఒక తెలుగు పేరుగల ప్రతివాది ఇలా నిలదీసి నెగ్గాడు!

పరదేశం అనగానే సముద్రాలే దాటనక్కరలేదు. 1948కి ముందు కృష్ణా జిల్లా రైతుకు నైజాం ఇలాకా పరదేశమే. మునగాల పరగణా కృష్ణా జిల్లాలోది, దాని చుట్టూ నైజాం భూములు. గట్టు దాటితే కోర్టు మారిపోయేది. గోదావరి జిల్లా నడుమనున్న యానాం ఫ్రెంచివారిది. 1815 నాటి ఇంగ్లీషు, ఫ్రెంచి ఒడంబడికలో ఉప్పు, నల్లమందుల బేరాల పక్కనే ఒక నిబంధన ఉంది: నేరం చేసి గాని, అప్పు పడి గాని ఎల్ల దాటి తలదాచుకున్నవారిని అప్పగించాలని. ఉప్పుతో పాటు బాకీదారులు కూడా ఒప్పందానికెక్కారన్నమాట.

సంస్థానాలు కలిసిపోయాక కూడా పాత ఎల్లలు వెంటనే చెరిగిపోలేదు. 1948లో గ్వాలియరు కోర్టు ఇచ్చిన ఏకపక్ష డిక్రీని తరువాత అలహాబాదులో అమలుచేయబోతే, 1962లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు అది పరదేశపు డిక్రీయేనని తేల్చింది. ఇచ్చిననాటికి లేని ప్రాణం రాజ్యాంగం వచ్చాక కొత్తగా రాదన్నది.

1937లో 44ఎ సెక్షను చేర్చడంతో ఒక దగ్గరి దారి ఏర్పడింది. పరస్పరం ఒప్పుకున్న దేశాల పై కోర్టుల సొమ్ము డిక్రీని, కొత్త దావా లేకుండా, ఇక్కడి జిల్లా కోర్టులో నేరుగా అమలుకు పెట్టవచ్చు. పన్నులు, జరిమానాలు ఇందులోకి రావు. 13వ సెక్షను మినహాయింపులు మాత్రం ఇక్కడా వర్తిస్తాయి. ఆ దేశాల జాబితాలో బ్రిటను, సింగపూరు, మలేషియా ఉన్నాయి. ట్రినిడాడ్, టొబాగో కూడా ఉన్నాయి! అమెరికా లేదు. అక్కడి తీర్పు చేతబట్టుకున్నవాడు దాని మీద ఇక్కడ మళ్ళీ దావా వేసుకోవలసిందే, అదీ మూడేళ్ళలోగా. ఆ జాబితాలో ఉన్నంత మాత్రాన కాలదోషం ఆగదు. 1995లో లండనులో పుట్టిన డిక్రీని 2009లో బెంగుళూరులో అమలుకు పెట్టిన బ్యాంకుకు, అక్కడి ఆరేళ్ళ గడువు ఎప్పుడో దాటిపోయిందని 2020 మార్చిలో సుప్రీంకోర్టు తలుపు మూసింది.

అదే 2020 జనవరిలో ఐక్య అరబ్ ఎమిరేట్లు ఈ జాబితాలో చేరాయి. కరీంనగరు, నిజామాబాదు, కడప జిల్లాల నుంచి వెళ్ళినవారు ఎంతమంది ఈ సంగతి విన్నారో! అక్కడ కారుకో ఇంటి ఖర్చుకో అప్పు చేసి, ఉద్యోగం పోయి, విమానమెక్కినవాడికి సముద్రం ఇదివరకటంత అడ్డు కాదు.

ఇదంతా చదివాక మా బంధువుకు మళ్ళీ ఫోను చేసి, "దావా వేసేనాటికి నువ్వు అక్కడే ఉన్నట్టయితే, ఆ కోర్టుకు అధికారం లేదనడం కష్టం. ఇంతకీ సమను అందిందా, కోర్టుకు వెళ్ళావా?" అని అడిగాను.

"ఏదో కాగితం వచ్చింది. అంతా అరబ్బీలో ఉంది. చదవడం రాక పెట్టె అడుగున పెట్టాను" అన్నాడు.

ఆ పెట్టె తీసి, ఆ కాగితంతో సహా రేపే మంచి వకీలు దగ్గరికి వెళ్ళమని చెప్పాను.