లష్కర్ అంచున అల్వాల్

సికింద్రాబాద్‌కు ఉత్తరాన తిరుమలగిరి దాటాక నేల మెల్లగా ఎత్తెక్కుతుంది. అక్కడి రాతిగుట్టలు, మెట్టనేలలు, వాలుల్లో తవ్విన చెరువుల నడుమ ఉన్నదే అల్వాల్. వేంకటేశ్వరస్వామి గుడి, ఏటా సాగే జాతర, చెరువుల కింది సేద్యం మినహా పాత ఊరి గురించి చెప్పుకోదగ్గవి తక్కువ.

లష్కర్, అంటే సైనిక శిబిరం, వచ్చాకే అల్వాల్ పట్టణమైందన్నది అందరూ చెప్పే మాట. 1806లో సికింద్రాబాద్ వెలసింది. అల్వాల్ పక్కనే ఉన్న బొల్లారం హైదరాబాద్ కంటింజెంట్ దళాలకు కేంద్రమైంది. 1847లో హోలీ ట్రినిటీ చర్చి, 1860లో నేటి రాష్ట్రపతి నిలయం లేచాయి. అయితే ఈ వైభవమంతా బొల్లారానిది. దళాల బజార్లు కంటోన్మెంట్ హద్దు లోపలే నడిచాయి. 1900 ప్రాంతంలో గోదావరి లోయ రైలుమార్గం వచ్చింది, 1903లో కంటింజెంట్ రద్దయింది. అప్పటికీ అల్వాల్ పల్లెగానే ఉంది. సైన్యం ఉండటమే కారణమైతే ఊరు ఆ శతాబ్దంలోనే పెరగాల్సింది.

అసలు కారణం సైన్యం పెట్టిన ఆంక్షలని చెప్పడం సబబు. 1924 కంటోన్మెంట్ల చట్టం కింద హద్దు లోపల ఇల్లు కట్టాలన్నా, పెంచాలన్నా అనుమతి తప్పనిసరిగా ఉండేది. నేలలో చాలా భాగం రక్షణశాఖది. హద్దు దాటితే మాత్రం గ్రామ పట్టాభూములు. సైనిక ఆసుపత్రికి, క్యాంటీన్‌కు దగ్గరలో స్థిరపడాలనుకున్న విశ్రాంత సైనికులకు, చిన్న ఉద్యోగులకు ఆ ప్లాట్లే అందాయి. సైనిక్‌పురి, యాప్రాల్ పెరిగిన తీరూ ఇంచుమించు ఇదే. అయితే అంతా ఈ ఒక్క కారణానికే అంటగట్టలేం. కరీంనగర్ రహదారి, మేడ్చల్ పరిశ్రమలు, ఆ తర్వాత శామీర్‌పేట వైపు వచ్చిన నల్సార్, బిట్స్ పిలానీ ప్రాంగణాలు కూడా గిరాకీని పెంచాయి.

మున్సిపాలిటీగా ఉన్న అల్వాల్ 2007లో జీహెచ్ఎంసీలో కలిసింది. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో మండలమైంది. 2023లో మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైలు నడిచింది. 2024లో శామీర్‌పేట ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన జరిగింది. ఇవన్నీ ప్రయాణాన్ని సులువు చేసేవే కానీ ఊరిని బాగుచేసేవి కావు. వాన నీటికి దారి చూపాల్సిన వాలులో ఇళ్లు నిండాయి, చెరువుల్లోకి మురుగు చేరుతోంది. అల్వాల్‌కు ఇప్పుడు పైవంతెన కన్నా ముందు కావలసింది చెరువుల హద్దుల నిర్ణయం, మురుగుకు వేరే దారి.