ఇసుకలోనుండి వెలికివచ్చిన మోటారుకారు

1918 నవంబరులో మొదటి ప్రపంచయుద్ధము ముగియగనే విమానముల ఇంజనులు వేలకొలది పనిలేక మిగిలిపోయినవి. అమెరికాలో తయారైన లిబర్టీ ఇంజను వానిలో ఒకటి. 1917 మే నెలాఖరున జెస్సీ విన్సెంట్, ఎల్బర్ట్ హాల్ అను ఇద్దరు ఇంజనీర్లు వాషింగ్టనులోని ఒక హోటలులో కూర్చుండి, వారము తిరుగక ముందే దాని నమూనాను గీసినారు. తొందరలో పుట్టినదైనను అది గట్టి యంత్రమే. ఇరువది వేలకు పైగా తయారైనవి. రెండవ ప్రపంచయుద్ధములో బ్రిటిషువారు దానినే కొంత మార్చి ట్యాంకులలో వాడుకొన్నారు.

దానికి పండ్రెండు సిలిండర్లు. ఒక్కొక్కదాని వ్యాసము 5 అంగుళములు. పిస్టను నడక 7 అంగుళములు. గుణించి చూచినచో మొత్తము ఘనపరిమాణము 27 లీటర్లు. నేడు మన వీధులలో తిరుగు చిన్నకారు ఇంజను ఒక లీటరు, లేదా అంతకు కొంచెము ఎక్కువ. అట్టివి ఇరువదికి పైగా ఒకచోట చేర్చినచో ఒక లిబర్టీ!

ఇట్టి ఇంజనును కారులో బిగించవలెనను ఆలోచన ఎవరికి వచ్చును? ఇంగ్లండులో కాంటర్‌బరీ పట్టణము దగ్గర హైయం అను పెద్ద భవనములో కౌంట్ లూయీ జ్బొరోవ్‌స్కీ అను ధనిక యువకుడు ఉండెడివాడు. పందెపు కార్లు అతనికి ప్రాణము. అతని తండ్రి 1903లో ఫ్రాన్సులో ఒక కొండదారి పందెములోనే మరణించినాడు. 1921లో జ్బొరోవ్‌స్కీ, క్లైవ్ గాలప్ అను ఇంజనీరు కలిసి ఒక మెర్సిడీస్ కారు చాసిస్‌ను పొడిగించి, దానిపై 23 లీటర్ల మేబాక్ విమానపు ఇంజనును కూర్చినారు. అదియే ‘చిట్టీ బ్యాంగ్ బ్యాంగ్’. 1964లో ఇయన్ ఫ్లెమింగ్ వ్రాసిన పిల్లల కథకు పేరు వచ్చినది ఇక్కడినుండియే.

తరువాత జ్బొరోవ్‌స్కీ ఇంకను పెద్దదానిని తలపెట్టినాడు. దాని పేరు హైయం స్పెషల్. ఇంజను లిబర్టీ. గేరుపెట్టె, వెనుక చక్రములను త్రిప్పు గొలుసుల ఏర్పాటు యుద్ధమునకు ముందు జర్మనీలో తయారైన బ్లిట్జెన్ బెంజ్ కారునుండి తెచ్చినవి. అది 200 అశ్వశక్తి గల కారు. 1911లో అమెరికా సముద్రతీరమున గంటకు 141 మైళ్ళకు మించి పరుగెత్తినది. దాని గేరుపెట్టెయే ఇప్పుడు నిమిషమునకు 2,000 చుట్లు తిరుగుచు 450 అశ్వశక్తినిచ్చు ఇంజను వెనుకకు వచ్చినది. ఇరువురు వియ్యంకుల మధ్య మాట కలుపుట కంటె ఇట్టి రెండు యంత్రముల మధ్య పొత్తు కలుపుట కష్టము.

అయితే గొలుసులు ఎందుకు? విమానపు ఇంజను మెల్లగా తిరుగును. దాని బలమంతయు వెడల్పైన సిలిండర్లలో ఉన్నది. పాఠకులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. మూడడుగుల వ్యాసము గల చక్రము ఒక చుట్టు తిరిగినచో సుమారు తొమ్మిదిన్నర అడుగుల దూరము పోవును. గంటకు 171 మైళ్ళ వేగమునకు అట్టి చక్రము నిమిషమునకు ఇంచుమించు 1,600 సార్లు తిరుగవలెను. అనగా ఇంజనుకు, చక్రమునకు వేగములో భేదము చాల తక్కువ. సాధారణపు కార్ల ఇరుసుపెట్టె ఇంజను వేగమును మూడు నాలుగవ వంతులకు తగ్గించునట్లు చేయబడినది; అది ఇక్కడ పనికిరాదు. గొలుసులైనచో సైకిలుకు వలెనే పళ్ళచక్రము మార్చిన చాలును, నిష్పత్తి మారును.

1924 అక్టోబరులో ఇటలీలోని మోంజా పందెములో జ్బొరోవ్‌స్కీ మరణించినాడు. అతని హైయం స్పెషల్‌ను 125 పౌనులకు కొన్నవాడు జె. జి. పారీ-థామస్. అతడు వేల్సు దేశీయుడు. లేలండ్ కంపెనీలో ముఖ్య ఇంజనీరుగా పనిచేసి, ఆ ఉద్యోగము వదలి బ్రూక్‌లాండ్స్ పందెపు బాట లోపలనే ఒక చిన్న ఇంటిలో కాపురము పెట్టినాడు. కొన్నదానిని ఉన్నది ఉన్నట్లు నడుపు స్వభావము కాదు అతనిది. నాలుగు జెనిత్ కార్బురేటర్లను అమర్చినాడు. పిస్టనులను తానే రూపొందించి వేసినాడు. కారుకు ‘బ్యాబ్స్’ అని ముద్దుపేరు పెట్టినాడు. గొలుసులను మాత్రము ఉంచుకొన్నాడు.

వేల్సు దక్షిణ తీరమున పెండైన్ అను చోట ఏడు మైళ్ళ పొడవున ఇసుకతిన్నె ఉన్నది. ఆటుపోట్లలో నీరు వెనుకకు తీసినపుడు అది గట్టిపడి బల్లవలె ఉండును. 1926 ఏప్రిల్ 27న థామస్ అక్కడ గంటకు 169.30 మైళ్ళ వేగమును అందుకొన్నాడు. మరునాడు 171.02 మైళ్ళు, అనగా 275 కిలోమీటర్లు. నేలపై అంత వేగముగా అంతకు ముందు ఎవరును పోలేదు. కొన్న వెల 125 పౌనులని మరువరాదు.

1927 ఫిబ్రవరి 4న అదే ఇసుకపై మాల్కమ్ కాంబెల్ 174.88 మైళ్ళు అందుకొన్నాడు. నాలుగు మైళ్ళే గదా అనిపించును. కాని గాలి అడ్డగింపును దాటుటకు కావలసిన శక్తి వేగపు ఘనమును అనుసరించి పెరుగును. వేగము నూటికి రెండుపాళ్ళు పెరిగినచో శక్తి నూటికి ఆరేడుపాళ్ళు పెరుగవలెను. పాత ఇంజనునుండి ఆ కొసరు పిండుటకే థామస్ మార్చి 3న మరల పెండైన్ చేరినాడు. నూరు మైళ్ళకు మించిన వేగములో బ్యాబ్స్ అదుపుతప్పి దొర్లినది. తలకు తగిలిన దెబ్బతో థామస్ మరణించినాడు. అతనిని బైఫ్లీట్ గ్రామములో ఖననము చేసినారు. విచారణ ముగిసిన తరువాత కారును పెండైన్ ఇసుకలోనే గొయ్యితీసి పూడ్చినారు. ఇరువదియారు దినములకు సీగ్రేవ్ ఫ్లోరిడాలో 203 మైళ్ళు దాటినాడు. లోకము అటు తిరిగినది.

కుడిప్రక్క గొలుసు తెగి అతని తలకు తగిలినదని అప్పుడు చెప్పుకొన్నారు. నలుబదియేండ్లు ఆ మాటయే నిలిచినది. అది నిజమైనచో తప్పు ఎవరిదగును? కార్బురేటరును, పిస్టనును మార్చి, పాతకాలపు గొలుసును మార్చని ఇంజనీరుది. థామస్ పేరు పైనున్న మచ్చ ఇదియే.

1969లో బాంగర్ పట్టణపు సాంకేతిక కళాశాలలో ఇంజనీరింగు బోధించు ఓవెన్ విన్ ఓవెన్ ఆ కారును వెలికి తీయించినాడు. అప్పటికి ఆ నేల సైనికశాఖవారి ప్రయోగస్థలములో ఉన్నది. ఒకని ప్రాణము తీసిన వాహనమును త్రవ్వుట తగునా అను ప్రశ్న సహజముగనే పుట్టును. నా మట్టుకు, తీయకుండుటయే అన్యాయమనిపించును. సాక్ష్యమంతయు ఆ ఇసుకలోనే ఉన్నది.

ఇట్టి పనిలో ఒక చిక్కున్నది. తుప్పు గోకి, వంగిన దానిని సరిచేసి, పోయిన దాని స్థానమున మరియొకటి పెట్టిన కొలది ప్రమాదపు గుర్తులు మాసిపోవును. అందుచేత ముందు చూచుట, తరువాత బాగుచేయుట. ఆ చూచుటలో గొలుసు కథ సందేహములో పడినది. కుడి వెనుక చక్రము ముందుగా విఫలమై యుండునని, గొలుసు తెగుట దాని ఫలితమే గాని కారణము కాదని ఒక అభిప్రాయము బలపడినది. మన లెక్కనే మరల తీసికొన్నచో, 171 మైళ్ళ వేగములో చక్రపు అంచుననున్న ఒక్కొక్క గ్రాము పదార్థము తన బరువుకు 1,300 రెట్ల బలముతో బయటికి చిమ్మవలెనని చూచును. ఆనాటి చక్రములలో ఏ చిన్న లోపమైనను అక్కడ చాలును. అందరును ఈ నిర్ణయమును ఒప్పుకొనకపోవచ్చును; పాతమాటను మాత్రము ఇక నిస్సందేహముగా చెప్పుటకు వీలులేదు.

బాగుచేయుటకు సుమారు పదిహేనేండ్లు పట్టినది. ఇన్ని భాగములు మార్చిన తరువాత ఇది పాత బ్యాబ్సేనా అని కొందరు అడుగుదురు. పుట్టుకనాడే దాని గుండె విమానముది, గేరుపెట్టె జర్మను కారుది. 1926లో రికార్డు కొట్టిననాటికి పిస్టనులు, కార్బురేటర్లు మారినవి. ఏ దినపు బ్యాబ్స్‌ను అసలైనదందుము? ఓవెన్ ఎంచుకొన్నది చివరి దినముది, థామస్ కూర్చుండినది. అందుచేత గొలుసులను తీసి మరియొక ఏర్పాటు చేయలేదు. ఇంజను మరల మ్రోగినది. కారు తనంత తానుగా కదలినది. తరువాత దానిని పెండైన్ ప్రదర్శనశాలలోను, బ్రూక్‌లాండ్స్‌లోను జనులకు చూపినారు. వెనుక చక్రముల ప్రక్కన ఆ గొలుసులు నేటికిని ఉన్నవి.