ఇటలీ కుటుంబ భోజనం

ఇటలీ ఇళ్లలో అసలు భోజనాలు రెండు: మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో ప్రాంజో, రాత్రి ఎనిమిది ప్రాంతంలో చేనా. దక్షిణాదిన రెండూ మరికాస్త ఆలస్యం. పొద్దున తినేది నామమాత్రమే, పాలు కలిపిన కాఫీలో నాలుగు బిస్కెట్లు ముంచుకుంటే సరి. సాయంత్రం పిల్లలకు మెరెండా అనే చిరుతిండి ఉంటుంది. భోజనానికి మాత్రం కచ్చితమైన వరుస ఉంది. మొదట ప్రీమో, అంటే పాస్తా, రిసొట్టో లేదా సూప్. ఆ పళ్లెం తీసేశాక సెకొందో, అంటే మాంసమో చేపో గుడ్లో, పక్కన కూరగాయలు. చివర పళ్లు, ఆపైన కాఫీ. పళ్లెంలో మిగిలిన సాస్‌ను రొట్టె ముక్కతో తుడుచుకు తినడం ఇంట్లో మామూలే. నలుగురిలో అయితే మర్యాద కాదంటారు, అయినా మానరు.

ఈ వరుసను తాతముత్తాతల నాటి ఆచారంగా చెప్పుకోవడం అక్కడ పరిపాటి. కానీ సామాన్యుల ఇళ్లలో ఇది రోజువారీ అలవాటైంది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే అనుకోవడమే సబబు. ఇటలీ ఏకీకరణ జరిగాక తొలి దశాబ్దాల్లో స్తేఫనో యాచీనీ నేతృత్వంలో సాగిన పార్లమెంటు వ్యవసాయ విచారణ పల్లెల పేదరికాన్ని బయటపెట్టింది. వెనెతో, లొంబార్దీ ప్రాంతాల రైతుకూలీలకు మొక్కజొన్న సంకటి పొలెంటాయే దాదాపు ఏకైక ఆహారం. మొక్కజొన్నలోని నియాసిన్ అనే విటమిన్ సున్నపు నీటిలో ఉడికిస్తే తప్ప ఒంటికి సరిగా పట్టదు. ఆ పద్ధతి యూరప్‌కు రాలేదు. అందుకే ఆ ప్రాంతాలను పెలాగ్రా వ్యాధి పీడించింది. చెక్కబల్ల మీద కుమ్మరించిన పొలెంటాను అందరూ తలా ఒక పక్క నుంచి తినే ఇంట్లో రెండో వంటకం అన్న మాటకే తావు లేదు. చాలా కౌలు కుటుంబాల్లో ఆడవాళ్లు పొయ్యి దగ్గరే తినేవారు కాబట్టి, అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం కూడా అన్నిచోట్లా పాతది కాదు. 1958–63 నాటి ఆర్థిక విజృంభణ మాంసాన్ని, ఫ్రిజ్‌ను, గ్యాస్ పొయ్యిని మామూలు ఇళ్లకు చేర్చాకే పరిస్థితి మారింది.

పెల్లెగ్రీనో అర్తూజీ 1891లోనే ఇంటివంటల పుస్తకం వేశాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. అర్తూజీ ఫ్లోరెన్స్‌లో స్థిరపడిన సంపన్న వ్యాపారి, పుస్తకం సొంత ఖర్చుతో వేసుకున్నాడు, రాసింది కలిగిన కుటుంబాల కోసం. ఇంతకంటే బలమైన అభ్యంతరం నేపుల్స్ ఆదివారపు రాగూ. గంటల తరబడి సన్నసెగ మీద ఉడికే ఆ కుండలోని సాస్ పాస్తాలోకి, మాంసం ముక్కలు రెండో వంటకానికి. ఇది పాతదే, ఒప్పుకోవాలి. అయితే అది ఆదివారం వంట. యుద్ధానంతర ఇటలీ చేసిందల్లా పండగపూట వరుసను మామూలు రోజుకు దించడమే. ఇక రోమ్‌లో గురువారం న్యోక్కీ అనే బంగాళాదుంప ఉండలు, శుక్రవారం చేప, శనివారం బోటి కూర అన్న ఆనవాయితీలో శుక్రవారపు నియమం చర్చి ఉపవాసం నుంచి వచ్చింది. అది ఏం తినాలో చెబుతుంది, ఏ వరుసలో తినాలో చెప్పదు.

ఈ ఇంటి భోజనాన్ని నిలబెట్టింది మమకారం కన్నా గడియారమే. హైస్కూళ్లు చాలావరకు ఒంటిగంట, రెండింటి మధ్య ముగుస్తాయి. పిల్లలు ఆకలితో ఇల్లు చేరతారు. చిన్న ఊళ్లలో దుకాణాలు మధ్యాహ్నం మూసేస్తారు. 1971 నాటి చట్టం ప్రాథమిక పాఠశాలల్లో సాయంత్రం దాకా సాగే బడికి దారి తీసింది. ఆ పిల్లలు మధ్యాహ్నం బడిలోనే తింటారు, ఇంటిల్లిపాదీ కలిసేది రాత్రికే. పనిరోజుల్లో ఒక్క వంటకంతో సరిపెట్టే ఇళ్లూ పెరిగాయి. ఆచారం చచ్చిపోతోందని వగచేవాళ్లు ఒకటి గమనించరు: వంటకాలు తగ్గినా వరుస తలకిందులు కావడం లేదు. మాంసం పక్కన పాస్తాను నంజుకోవడానికి పెట్టే ఇల్లు ఇప్పటికీ అరుదే, భోజనం తర్వాత కపుచీనో తాగేవాళ్లూ అరుదే. ఇక వండేదెవరన్న ప్రశ్న మిగిలింది. యూరోపియన్ యూనియన్‌లో ఉద్యోగాలు చేసే మహిళల శాతం బాగా తక్కువున్న దేశాల్లో ఇటలీ ఒకటి. ఆ దేశంలోనూ దక్షిణాదిన అది మరీ తక్కువ, ఇంటి మధ్యాహ్న భోజనం ఎక్కువగా నిలిచింది కూడా అక్కడే.